మామ ప్రెస్సులో రియాల్ గుర్తు: ప్రాజెక్టు డైరీ

నవంబర్ 9, 2025, ఆదివారం

శనివారం రాత్రి హైదరాబాదు జేబీఎస్ బస్టాండులో బస్సెక్కి జగిత్యాల వచ్చాను. పొద్దున ప్రెస్సులో మామతో చాయ్ తాగుతుంటే పక్క గల్లీలో ట్రావెల్స్ నడిపే సేటు వచ్చాడు. రియాలుకెంత, దిర్హముకెంత అని రోజూ దుకాణం ముందు రేటు రాసిపెట్టేది ఆయనే. ఫోనులో ఒక బొమ్మ చూపించి, "గీ గుర్తు పెట్టాలె. సౌదీల అంతట గిదే నడుస్తున్నదట" అన్నాడు.

సౌదీ రియాల్ కొత్త గుర్తు అది. ఫిబ్రవరి 20న ప్రకటించారు. రియాల్ అన్న మాటకు అరబ్బీలో రాసే అక్షరాలను కలిపి చేసినది. చూపుకు రెండు నిలువు గీతలు, వాటిని కోస్తూ ఏటవాలుగా అడ్డగీతలు. సేటు దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి కొడుకో, మొగుడో, తమ్ముడో అక్కడ ఉన్నాడు. వాళ్ల ఫోన్లకు వచ్చే బ్యాంకు మెసేజీలలో, అక్కడి దుకాణాల ఫోటోలలో ఈ గుర్తు కనిపిస్తోంది. దుకాణంలో మాత్రం లేదు. సేటు బాధ అదీ.

"బొమ్మ అతికిస్తే అయిపాయె" అన్నాడు మామ. బ్యానరుకైతే నిజమే. కానీ సేటుకు కావలసింది వారం వారం మారే రేటు కార్డు, దాంతోపాటు రసీదు పుస్తకం. కార్డులో నలభై వరుసలు, అంకెలన్నీ ఎక్సెల్ నుంచి వచ్చి పేజీలో పడతాయి. వరుసకో బొమ్మ అతికిస్తే వచ్చే వారం మళ్లీ మొదటికొస్తుంది.

నోరు ఊరుకోక "టైపు చేసే అక్షరంగానే చేద్దాం మామా, రెండు ఆదివారాల పని" అన్నాను. ఈ డైరీ పెట్టుకున్నది ఆ మాట ఎంతవరకు నిలుస్తుందో చూద్దామనే.

నమూనాకని సేటు పాత రేటు కార్డు ఫైలు తెరిచాం. 2011 నాటిది. అన్ని అంకెల ముందూ ` అని ఒక గీత. `500, `1,250, `12,000. ఆపరేటర్ అన్న నవ్వి, "అది రూపాయే. ఆ ఫాంటు పాత కంప్యూటరుతోటి పోయింది" అన్నాడు.

రియాల్ పని చేస్తాననుకుంటూ వచ్చినవాడిని రూపాయి దగ్గర ఆగిపోయాను.

నవంబర్ 10, సోమవారం రాత్రి, హైదరాబాదు

ఆ గీత కథ రాసిపెట్టుకోవాలి. ఈ ప్రాజెక్టులో ఏం చేయకూడదో అందులోనే ఉంది.

కేంద్ర కేబినెట్ ₹ గుర్తును ఆమోదించింది 2010 జూలై 15న. గీసింది ఐఐటీ బొంబాయిలో డిజైన్ పరిశోధన చేసిన డి. ఉదయ్ కుమార్. దేవనాగరి ర, నిలువు గీత తీసేసిన ఇంగ్లీషు ఆర్, పైన రెండు అడ్డగీతలు. పేపర్లలో బొమ్మ పడ్డ మర్నాటి నుంచి జనానికి అది కావాలి. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లో ఒక్కో నంబరిచ్చే యూనికోడ్ పట్టికలో దానికి నంబరు లేదు, ఏ ఫాంటులోనూ రూపం లేదు, ఏ కీ మీదా చోటు లేదు. అప్పుడు బయటికొచ్చిందే ఈ ఉపాయం: ట్యాబ్ కీకి పైన ఎవరూ పెద్దగా వాడని ` కీ ఉంది కదా, ఫాంటులో ఆ గీత బొమ్మ తీసేసి దాని సీట్లో ₹ బొమ్మ కూర్చోబెట్టడం. ఫాంటు వేసుకుని ఆ కీ నొక్కితే తెర మీద రూపాయి వస్తుంది, కాగితం మీదా వస్తుంది. ఫైలులో మాత్రం ఉండేది 96వ నంబరే, అంటే `. ఫాంటు ఉన్నంతవరకు రూపాయి, ఫాంటు పోతే గీత. మామ ప్రెస్సు ఒక్కటే కాదు, ఆ రెండు మూడేళ్లలో తయారైన పీడీఎఫ్‌లలో అంకెల ముందు ఈ గీత ఇప్పటికీ కనిపిస్తుంటుంది.

తమాషా ఏమిటంటే, ఆ తొందర మూడు నెలల ముచ్చట కూడా కాదు. 2010 అక్టోబర్ 11న వచ్చిన యూనికోడ్ 6.0లో రూపాయికి సొంత సీటు దొరికింది. దశాంశంలో చెబితే 8377. అంతకుముందు నుంచి ₨ అని ఇంకో గుర్తు ఉంది, దాని నంబరు 8360. అది మన ఒక్కరిది కాదు, రూపాయి అనే పేరున్న పక్క దేశాల నోట్లకూ అదే. పైగా అది Rs అనే ఇంగ్లీషు సంక్షిప్తాన్ని ఒకే డబ్బాలో ఇరికించినది. కొన్ని సాఫ్ట్‌వేర్లు వెతుకులాట కోసం అక్షరాలను సాపు చేసేటప్పుడు దాన్ని మళ్లీ ఆ రెండు ఇంగ్లీషు అక్షరాలుగా విడగొట్టేస్తాయి. ₹కు అలా విడిపోయే గుణం లేదు, అది ₹గానే ఉంటుంది.

సీట్లు అరువు తీసుకునే అలవాటు పెద్ద ప్రమాణాలలోనూ ఉంది. జపాన్ వాళ్లు కంప్యూటర్ కోడ్‌లో 92వ నంబరును, అంటే బ్యాక్‌స్లాష్ సీటును, యెన్‌కు ఇచ్చారు. ఫలితంగా జపనీస్ విండోస్‌లో ఫైలు దారి చూస్తే ఫోల్డరుకూ ఫోల్డరుకూ మధ్య ¥ కనిపిస్తుంది. యూరో వచ్చినప్పుడు ఐఎస్ఓ 8859-15 అనే పట్టికలో 164వ సీట్లో ఉన్న ¤ను, ఏ కరెన్సీకైనా వాడే గుర్తును, లేపి € పెట్టారు. అదే యూరోను విండోస్-1252 అనే ఇంకో పట్టికలో 128లో పెట్టారు. ఒక యూరో, రెండు చిరునామాలు. ఒక పట్టికలో రాసి ఇంకో పట్టికతో చదివితే ధరల ముందు నాలుగు మూలల సున్నా లాంటి ¤ తేలుతుంది.

యూనికోడ్‌లో ఆ గొడవ లేదు. ఒకసారి సీటిచ్చారంటే మళ్లీ లేపరు, పేరు కూడా మార్చరు. అందుకే ఇచ్చేముందు అంత ఆచితూచి చూస్తారు. కరెన్సీ గుర్తుల విషయంలో మాత్రం తొందరపడతారు. 2012లో వచ్చిన యూనికోడ్ 6.2లో చేరిన కొత్త అక్షరం ఒకే ఒక్కటి, తుర్కియే లీరా. ఒక్క అక్షరం కోసం ఒక వెర్షన్.

సౌదీ రియాల్ ఈ ఏడాది సెప్టెంబర్ 9న వచ్చిన యూనికోడ్ 17.0లో చేరింది. నంబరు 8385. అంటే సీటు ఉంది. మనం అరువుకు పోవలసిన పని లేదు. అదే 17.0లో తెలుగుకూ ఒకటి వచ్చింది, పాతకాలపు శ్రీకారం. మామకు చెబితే రియాల్ సంగతి మరిచిపోయి "పెళ్లి పత్రికలల్ల పెట్టొచ్చా?" అని అడుగుతాడు. ఇప్పుడే చెప్పను.

నవంబర్ 15, శనివారం

బస్సులోనే ఫాంటు పని మొదలుపెట్టాను. ప్రెస్సులో రేటు కార్డుకు వాడేది ఓపెన్ ఫాంట్ లైసెన్సు కింద ఉన్న ఒక తెలుగు ఫాంటు. మార్చుకోవచ్చు, మార్చినదాన్ని పంచుకోవచ్చు. అసలు పేరును వాళ్లు రిజర్వు చేసుకున్నారు కాబట్టి ఆ పేరుతో మాత్రం పెట్టకూడదు. నా కాపీకి "రేటుకార్డు" అని పేరు పెట్టాను. ఫాంట్లు గీసే సాఫ్ట్‌వేరు ఫాంట్‌ఫోర్జ్‌లో తెరిస్తే అందులో ₹ కూడా లేదు! ఇన్నాళ్లూ తెర మీద కనిపించింది పక్క ఫాంటు నుంచి సిస్టమ్ తెచ్చి పెట్టిన ₹ అన్నమాట. తెలుగు లావుగా, రూపాయి సన్నగా ఎందుకుంటోందో ఇప్పుడు తెలిసింది.

ముందు ₹. అంకెల పక్కన నిలబడేది కాబట్టి అంకెలనే కొలతగా తీసుకున్నాను. ఈ ఫాంటులో ఒక ఎమ్, అంటే అక్షరం గీసే చదరం ఎత్తు, 2048 యూనిట్లు; ప్రతి అంకె వెడల్పు 1130. ₹ కూడా సరిగ్గా 1130 ఉండాలి. లేకపోతే నిలువు వరుసలో అంకెలు ఒకదాని కింద ఒకటి నిలబడవు. ఎత్తు అంకెల ఎత్తే. ముక్కలు కూడా అంకెల నుంచే అప్పు తెచ్చాను: 2 పైభాగంలోని వంపు, 7 అడ్డగీత మందం.

మధ్యాహ్నం లేజర్ ప్రింటరులో తీస్తే బాగుంది. సాయంత్రం ఆఫ్‌సెట్ మీద నాలుగు కాగితాలు తీశాం. 8 పాయింట్లలో పైన ఉన్న రెండు అడ్డగీతల మధ్య సందు మూసుకుపోయి ఒక్క లావుపాటి గీత అయింది. సిరా కాగితం మీద కొంచెం పరుచుకుంటుంది, తెర మీద ఆ పరుచుకోవడం ఉండదు. భూతద్దం పెట్టి చూపించాడు ఆపరేటర్ అన్న: సందులో సిరా చిన్న చుక్కలా నిలిచిపోయింది. సందును 150 యూనిట్ల నుంచి 210కి పెంచి, గీతల మందం ఓ పదిహేను తగ్గించాను. పెద్ద సైజులో చూస్తే ఇప్పుడు రూపాయి కొంచెం నోరు తెరిచినట్టుంది. 8 పాయింట్లలో మాత్రం సరిగ్గా ఉంది. రేటు కార్డు 8 పాయింట్లలోనే ఉంటుంది, పెద్ద సైజు సంగతి తర్వాత.

నవంబర్ 16, ఆదివారం

రియాల్ గీశాను. గీశాను అనడం ఎక్కువ. సౌదీ సెంట్రల్ బ్యాంకు గుర్తు బొమ్మను, వాడే పద్ధతిని బయటపెట్టింది. ఆ రూపాన్ని తెచ్చి మన అంకెల మందానికి సర్దాను. సొంత కళ ప్రదర్శించే చోటు కాదిది. గుర్తు అంకెకు ఎడమ పక్క, మధ్యలో ఖాళీ ఉండాలట. రూపాయికి మనం ఖాళీ ఇవ్వం, ₹500 అని అతికించే రాస్తాం. రియాల్‌కు ఖాళీ కావాలి.

ఆ ఖాళీ దగ్గరే మొదటి దెబ్బ. మామూలు స్పేస్ పెట్టాను. వరుస చివర చోటు చాలక గుర్తు పై వరుసలో, అంకె కింది వరుసలో పడ్డాయి. గుర్తు, అంకె కలిసి కదలాలంటే విడిపోని స్పేస్ పెట్టాలి, దాని నంబరు 160.

ఖాళీ లేకుండా రాసినప్పుడు మాత్రం ఈ సమస్య రాదు, దానికి కారణం చూస్తే ముచ్చటేసింది. కరెన్సీ గుర్తుల కోసం యూనికోడ్ ఒక వాడ కేటాయించింది, 8352 నుంచి 8399 వరకు. అందులో ఇంకా ఎవరికీ ఇవ్వని ఖాళీ సీట్లకు కూడా "ఇక్కడికి ఎవరొచ్చినా అంకె ముందు నిలబడేవాళ్లే, అంకె నుంచి విడదీయొద్దు" అని ముందే గుణం రాసిపెట్టారు. కుడి నుంచి ఎడమకు సాగే అరబ్బీ వరుసలో అంకెతో పాటు ఎలా మెలగాలో కూడా అంతే. కాబట్టి 17.0 పేరు కూడా వినని పాత సాఫ్ట్‌వేరు సైతం, ఆ నియమాలు పాటిస్తే చాలు, 8385ని అంకెతో కలిపే ఉంచుతుంది. బొమ్మ తెలియకపోయినా నడవడిక తెలుసు. రసీదు పైన సేటు అరబ్బీలో రాయించుకున్న ఏజెన్సీ పేరు వరుసలో పెట్టి పరీక్షించాను, అంకె అటూ ఇటూ గంతులేయలేదు.

రెండో దెబ్బ: నా ల్యాప్‌టాప్‌లో అన్నీ కనిపిస్తున్నాయి, ఆపరేటర్ అన్న మిషన్‌లో పేజీలు కట్టే సాఫ్ట్‌వేరు మాత్రం ఈ రెండు గుర్తులకూ మన ఫాంటు వదిలేసి ఇంకోదాన్ని పట్టుకుంటోంది. ఫాంటులో బొమ్మ ఉంది, నంబరు ఉంది. రెండు గంటలు తల గోక్కున్నాక దొరికింది. ఫాంటు లోపల "నా దగ్గర ఈ ఈ వాడల అక్షరాలున్నాయి" అని చెప్పే బిట్ల వరుస ఒకటి ఉంటుంది. కరెన్సీ గుర్తులది 33వ బిట్. పాత ఫాంటులో ఆ గుర్తులే లేవు కాబట్టి అది సున్నా. బొమ్మలు చేర్చాను కానీ బోర్డు మార్చలేదు. ఒకటి చేయగానే అమరింది.

మామ వెనక నిలబడి చూస్తున్నాడు. సేటుకు వాట్సాప్‌లో నమూనా పంపుదామని నేను రియాల్ గుర్తును మెసేజీలోనే టైపు చేసి పంపాను. నిమిషంలో ఫోన్. "గిదేంది, డబ్బ పడ్డది?"

సేటు ఫోనులో ఆ అక్షరానికి ఫాంటు లేదు కాబట్టి ఖాళీ డబ్బా. ఈ డైరీలోనూ అందుకే ఆ గుర్తును టైపు చేయడం లేదు, చదివేవాళ్లలో చాలామందికి డబ్బానే పడుతుంది. నమూనా పీడీఎఫ్‌గా పంపాను, అందులో ఫాంటు కూడా కలిసి వెళుతుంది.

"మరి అప్పటిదాంక ఏదన్న పనికిరాని కీ మీద పెడితే కాదా?" అన్నాడు మామ. ఎవరి ఫోనులోనైనా డబ్బాకు బదులు కనీసం ఏదో ఒకటి కనిపిస్తుందని ఆయన లెక్క. 2011 ఫైలు తెరిచి `500 చూపించాను. ఏమీ అనలేదు, చాయ్ తెప్పించాడు.

నవంబర్ 19, బుధవారం రాత్రి

కీబోర్డు. కోడ్ నంబరుకు ఒక సంస్థ ఉంది, ఒక జవాబు ఉంది. కీల దగ్గర ప్రతి దేశానికీ, ప్రతి కంపెనీకీ, ప్రతి ఆపరేటరుకూ ఒక జవాబు ఉంది.

భారతీయ భాషల ప్రమాణ కీబోర్డు ఇన్‌స్క్రిప్టు సంగతే చూస్తే, పై వరుసలో షిఫ్టు పట్టుకుని 5 నొక్కితే జ్ఞ, 6కు త్ర, 7కు క్ష, 8కు శ్ర. ఇంగ్లీషు కీబోర్డులో డాలరు కూర్చునే అంతస్తు మనకు సంయుక్తాక్షరాలతో నిండిపోయింది. అందుకే ₹ను మూడో అంతస్తుకు పంపారు: కుడి ఆల్ట్, అంటే ఆల్ట్‌జీఆర్ పట్టుకుని 4. భారత ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2016లో ఇచ్చిన ఐఎస్ 16350 అనే మెరుగుపరిచిన ఇన్‌స్క్రిప్టు ప్రమాణం ఉంది. విండోస్ ఇంగ్లీషు ఇండియా కీబోర్డులోనూ, లినక్స్‌లోనూ ఆల్ట్‌జీఆర్, 4 నొక్కితే రూపాయే. వేరు వేరు దారుల్లో వచ్చి ఒకే కీ దగ్గర కలవడం అరుదు. కాబట్టి ₹ విషయంలో వాదన లేదు, 4 మీదే.

చిక్కు నా ఇంట్లోనే ఉంది. ప్రెస్సులో వాడే కీబోర్డు లేఅవుటు, అంటే ఏ కీకి ఏ అక్షరమో చెప్పే పట్టిక, కొన్నేళ్ల కింద నేనే చేసింది. అందులో ఆల్ట్‌జీఆర్, 4 నొక్కితే ౪ వస్తుంది. తెలుగు అంకెలన్నీ మూడో అంతస్తులో పెట్టాను. అప్పట్లో గొప్పగా అనిపించింది. ఆపరేటర్ అన్నకు ఫోన్ చేసి "౪ ఎన్నిసార్లు కొడతవన్నా?" అంటే, "అయ్యగారి పంచాంగం వచ్చినప్పుడు కొడత. ఏడాదికొక్కసారి. గని అప్పుడు మొత్తం గవే" అన్నాడు. తీసేయలేం. అంకెలన్నిటినీ నాలుగో అంతస్తుకు, అంటే ఆల్ట్‌జీఆర్‌కు షిఫ్టు కూడా కలిపి నొక్కేచోటికి ఎక్కించాను. ఏడాదికోసారి వచ్చే పనికి రెండు వేళ్లు పెట్టొచ్చు.

రియాల్‌కు మన కీబోర్డుల్లో ప్రమాణమేమీ లేదు, ఉండాలనీ లేదు. మామ చెప్పినట్టు ఆర్ కీ మీద పెట్టాను. లినక్స్ లేఅవుటు ఫైలులో కీలకు పేర్లుండవు, గళ్లుంటాయి. ఐఎస్ఓ 9995 అనే ప్రమాణం కీబోర్డును గళ్ల కాగితంలా చూస్తుంది. స్పేస్‌బార్ వరుస ఏ, దాని పైన బీ, సీ, డీ, అంకెల వరుస ఈ. 4 అంటే ఈ వరుసలో నాలుగోది. ఆర్ అంటే డీ వరుసలో నాలుగోది. రూపాయి, దాని కిందే రియాల్! కావాలని చేసింది కాదు, కుదిరింది. ఆ రెండు గళ్ల ఎదురుగా మూడో అంతస్తులో 8377, 8385 పదహారు అంకెల లెక్కలో రాయడమే అసలు మార్పు, రెండు వరుసలు. నా హోమ్ ఫోల్డరులోని కాన్ఫిగ్ కింద పెట్టాను. సిస్టమ్ ఫైలులోనే రాస్తే తర్వాతి అప్‌డేట్ ఊడ్చుకుపోతుంది. ఒకసారి పోగొట్టుకున్నాను.

నవంబర్ 22, శనివారం

ఆపరేటర్ అన్న విండోస్ మిషన్‌కు మైక్రోసాఫ్ట్ కీబోర్డు లేఅవుటు క్రియేటరుతో అదే లేఅవుటు కట్టాను. ఎక్కించి ఆయన చేతికిచ్చి బయట చాయ్‌కి వెళ్లి వచ్చేసరికి పేజీ నిండా రియాళ్లు.

విండోస్‌లో ఆల్ట్‌జీఆర్ అంటే కంట్రోల్, ఆల్ట్ కలిపి నొక్కడమే. ఆయన ఎన్నో ఏళ్లుగా కంట్రోల్, ఆల్ట్, ఆర్ మీద రేటు పట్టీ గీసే మాక్రో పెట్టుకున్నాడు. చేయి అలవాటు కొద్దీ కొడుతున్నాడు, పట్టీ బదులు రియాల్ పడుతోంది. "నీ రియాల్ దుబాయికి పో" అని తిట్టాడు, దేశం తప్పు పట్టాడు కానీ కోపం సరైనదే. మాక్రోను ఎఫ్9కి మార్చాం. సాయంత్రం దాకా ఆయన వేళ్లు పాత చోటికే వెళ్లాయి.

నవంబర్ 23, ఆదివారం

పాత ఫైళ్ల శుభ్రం. 2010 నుంచి 2014 దాకా ఉన్నవాటి నుంచి పాఠం బయటికి తీశాను. ` ఉన్నచోటల్లా ₹ పెడితే ఒక్క నిమిషం పని. అలా చేయకూడదు. పాత కంప్యూటర్ల రోజుల అలవాటుతో ఒంటి కొటేషన్ మొదలుపెట్టడానికి కూడా ఇదే కీ కొట్టేవాళ్లున్నారు. అందుకని నియమం ఇలా పెట్టాను: గీత వెంటనే గానీ, ఒక ఖాళీ తర్వాత గానీ అంకె ఉంటేనే రూపాయి. తెలుగు అంకె అయినా సరే. మార్చిన ప్రతి చోటునూ ముందూ వెనకా నాలుగు మాటలతో ఒక జాబితాగా రాసుకోమన్నాను.

ఆ జాబితా చదువుతుంటే మధ్యలో "₹69 ఉద్యమకారులను సన్మానించిన".

పంతొమ్మిదివందల అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమం. ఎవరో '69 అని రాయబోయి ఈ గీత కొట్టారు. ప్రెస్సు వేసిన ఒక సన్మాన సంచిక అది, మామ కూడా అందులో చందా ఇచ్చాడు. మామకు చూపిస్తే చాలాసేపు నవ్వి, "మస్తు అగ్గువకు వచ్చిన్రు" అన్నాడు. తర్వాత ముఖం మారింది. "అది మాత్రం సరిగ చెయ్యి."

రెండో నియమం చేర్చాను. రెండే అంకెలుండి, వాటి తర్వాత కామా, చుక్క, సున్నలు లేకుండా మాట వస్తే మార్చకుండా పక్కన పెట్టు, మనిషి చూస్తాడు. పక్కన పడ్డవాటిలో నిజమైన రూపాయిలూ ఉన్నాయి, `50 టికెట్ లాంటివి. మామ, నేను కూర్చుని ఒక్కొక్కటీ చదివి తేల్చాం. ఫాంటు సమాచారం ఇంకా ఉన్న ఫైళ్లలో పని సులువైంది: ఆ అక్షరం మీద రూపాయి ఫాంటు పేరుంటే రూపాయి, లేకపోతే కాదు. ఇది ముందే తట్టి ఉండాల్సింది. ఆ పేరు ఒక్కటే నమ్మదగిన సాక్ష్యం.

నవంబర్ 29, శనివారం

సేటు ఎక్సెల్ నుంచి రేట్లు తెప్పించుకునే దారి కట్టాను. ఆయన సీఎస్వీగా, అంటే గడులను కామాలతో వేరుచేసిన ఒట్టి పాఠంగా, దాచి పంపుతాడు, మా టెంప్లేటు అందుకుంటుంది. మొదటి ఫైలు నేనే తయారుచేసి నమూనాగా పంపితే, తెరిచి చూసి సేటు పరుగున వచ్చాడు. సర్వీసు చార్జీ ఐదు వందలు రాసినచోట పదిహేను వందలు కనిపిస్తోందట.

స్క్రీన్ చూశాను. ₹500 ఉండాల్సినచోట టోపీ పెట్టుకున్న ఇంగ్లీషు ఏ, కింద ఒక కామా, తర్వాత పైకి లేచిన చిన్న 1, ఆ తర్వాత 500. యూనికోడ్ నంబర్లను ఫైలులో బైట్లుగా దాచే పద్ధతి యూటీఎఫ్-8. అందులో ₹ ఒక అక్షరమే అయినా మూడు బైట్లు: 226, 130, 185. ఎక్సెల్ ఆ ఫైలును విండోస్-1252 అనుకుని తెరిచింది. ఆ పట్టికలో 226 అంటే టోపీ ఏ, 130 అంటే కింది కామా లాంటి కొటేషన్, 185 అంటే పైకెత్తిన 1. ఆ 1 వచ్చి 500 ముందు నిలబడింది. కళ్లజోడు లేకుండా చూస్తే ఎవరికైనా పదిహేను వందలే.

డబ్బా పడితే ఏదో పోయిందని తెలుస్తుంది. ఇది అలా కాదు, అంకెలానే ఉంటుంది. రసీదు మీద ఇలా పడి ఉంటే గల్లీలో పంచాయితీ అయ్యేది. ఫైలు మొదట్లో ఇది యూటీఎఫ్-8 అని చెప్పే మూడు బైట్ల గుర్తు చేర్చాను, ఎక్సెల్ సరిగ్గా తెరిచింది. అంతకన్నా ముఖ్యంగా, సీఎస్వీలో ఇక గుర్తులే లేవు. అంకె ఒక గడిలో, కరెన్సీ మూడక్షరాల ఐఎస్ఓ 4217 కోడ్‌గా ఇంకో గడిలో. గుర్తును పేజీ కట్టేటప్పుడు టెంప్లేటే పెడుతుంది. ఇంత తిరిగి కీబోర్డు కట్టాక, రేటు కార్డులో సగానికి సగం చోట్ల ఎవరూ ఆ కీ నొక్కనే అక్కర్లేదని తేలింది. ఆపరేటర్ అన్నకు ఇంకా చెప్పలేదు.

డిసెంబర్ 7, ఆదివారం

కార్డు వేశాం. 8 పాయింట్లు, మాప్‌లితో కాగితం, రెండు రంగులు. ₹ రెండు గీతలూ విడివిడిగా కనిపిస్తున్నాయి. రియాల్ అడ్డగీతల చివర్లు కొంచెం మొద్దుబారాయి, వచ్చే విడతలో సన్నం చేయాలి. వరుసలు నిట్టనిలువుగా ఉన్నాయి.

మిగిలినవి: పెద్ద సైజు ₹ విడిగా గీయాలి, ప్రెస్సులోని రెండో మిషన్‌కు లేఅవుటు ఎక్కించాలి, 2013 సన్మాన సంచికను మళ్లీ ఒకసారి చదవాలి.

సేటు కార్డు చేతిలోకి తీసుకుని రియాల్ వరుస మీద వేలు పెట్టి రుద్దాడు, సిరా అంటుతుందేమోనని. తృప్తిగానే ఉన్నాడు. కార్డు తిప్పి వెనక వైపు చూసి ఆగిపోయాడు.

"దిర్హముకు కూడ కొత్తది వచ్చింది గద? గిది అక్షరాలల్లనే ఉన్నది."

వచ్చింది, మార్చి 27న ప్రకటించారు. 17.0లో దానికి సీటు లేదు. తర్వాతి వెర్షన్ వచ్చాక పెడతానని చెప్పాను.

"ఎప్పుడొస్తది?"

"వచ్చే ఏడు."

సేటు మామ వైపు చూశాడు. మామ ట్యాబ్ పైనున్న కీ వైపు చూసి, నా వైపు చూసి, "అక్షరాలల్లనే ఉండనీ సేటూ" అన్నాడు.

శ్రీకారం సంగతి బస్సెక్కే ముందు చెప్పాను. బస్సు జగిత్యాల దాటకముందే వాట్సాప్‌లో మూడు పాత పెళ్లి పత్రికల ఫోటోలు వచ్చాయి.